కోఠిలో సీడీకి చిట్కా వైద్యం

హైదరాబాద్‌లో కరెంటుతో నడిచే వస్తువు ఏది మొరాయించినా పాతకాపులు చెప్పే మాట ఒకటే... "ఓసారి కోఠికి తీసుకెళ్లి చూపించు." మిక్సీ, రేడియో, టీవీ రిమోట్, పెళ్లి మండపంలో గొంతు పోయిన యాంప్లిఫయర్... అన్నిటికీ కోఠి పెద్దాసుపత్రి లాంటిది. పక్కనే ఉస్మానియా మెడికల్ కాలేజీ ఉండటంతో అక్కడి షాపులవాళ్లు కూడా "మనుషులకు అటు, మిషిన్లకు ఇటు" అని జోకులేస్తుంటారు.

ఈ మిషిన్ల ఆసుపత్రిలో సౌండ్ వార్డు పేరు గుజరాతీ గల్లీ. బ్యాంక్ స్ట్రీట్ దగ్గరుంటుంది. పేరుకు గల్లీయే కానీ, లోపలికి అడుగుపెడితే స్పీకర్ల గుట్టలు, వైర్ల చుట్టలు, మైకులు, డీజే లైట్లు, ఒకే రకం రిమోట్లు వందల కొద్దీ. ఒక షాపులో బేస్ టెస్టింగ్, ఎదురు షాపులో మైక్ టెస్టింగ్. మధ్యలో నిలబడితే గుండె ఏ తాళానికి కొట్టుకోవాలో తెలియక తికమక పడుతుంది.

ఒక శనివారం నేను ఆ గల్లీకి ఒక పేషెంటుని తీసుకెళ్లాను. పేషెంటు వయసు ఇరవై ఏళ్లు దాటింది. బరువు అర ఛటాకు కూడా ఉండదు. జబ్బు... ఒంటినిండా గీతలు.

పేషెంటు కేస్ షీటు

అది 2004లో తెనాలిలో జరిగిన మా మావయ్య పెళ్లి వీసీడీ. మొత్తం మూడు డిస్కులు. ఒకటోది, మూడోది బాగానే ఉన్నాయి. వాటిలో ఊరేగింపు, భోజనాలు, ఫొటోల కోసం వరసగా నిలబడ్డ జనం. రెండోది మాత్రం పిల్లల చేతుల్లో పడి, కవరు పోగొట్టుకుని, బీరువాలో చీరల కింద ఎన్నేళ్లు ఉందో ఎవరికీ తెలియదు. అసలు పెళ్లి అందులోనే ఉంది. మా అమ్మమ్మ ఉన్నది కూడా అందులోనే.

పెళ్లయిన రెండేళ్లకే అమ్మమ్మ పోయింది. ఫొటోలు ఉన్నాయి, లేక కాదు. కానీ అన్ని ఫొటోల్లోనూ చేతులు కట్టుకుని, పాస్‌పోర్ట్ ఆఫీసులో కూర్చున్నట్టు ఉంటుంది. ఆవిడ నడుస్తూ, తల తిప్పుతూ కనిపించేది ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క డిస్కులోనే. "ఏమే, అది ఆడుద్దేమో చూడు. ఒక్కసారి అమ్మ నడుస్తుంటే చూస్తే చాలు" అంది మా అమ్మ.

అమ్మ అంతటితో ఆగలేదు. "ముందు పేస్టు పెట్టి రుద్దు. తగ్గుద్ది" అని వైద్యం కూడా చెప్పింది.

అక్కడి నుంచి మొదలైంది చిట్కాల వర్షం. మా పెద్దమ్మ: "కొబ్బరినూనె రాయి. దానికి తగ్గని జబ్బు లేదు." మావయ్య: "మా వీసీడీల షాపువాడు చొక్కా అంచుతో తుడిచి, నోటితో హా అని ఊది ఇచ్చేవాడు. నువ్వూ అట్లాగే చెయ్యి." ఆఫీసులో టీ టైములో విషయం చెబితే ఇక ఇంజినీర్లందరూ వైద్యులైపోయారు. "అరటిపండు రుద్దు" అని ఒకరు. "తొక్కతోనా, గుజ్జుతోనా?" అని ఇంకొకరు. "రాత్రంతా ఫ్రీజర్లో పెట్టు. చల్లదనానికి గీతలు ముడుచుకుపోతాయి" అని మరొకరు. "మైక్రోవేవ్‌లో ఐదు సెకన్లు పెట్టు, గీతలన్నీ కరిగి కలిసిపోతాయి" అన్నవాడి మొహంలో నవ్వు కూడా లేదు. "పేస్టు ఉప్పుదా, వేపదా, లవంగానిదా అన్నదాన్ని బట్టి సౌండ్ క్వాలిటీ మారుద్ది" అని మా టీమ్ లీడ్. చివరికి ఎవరో "ఇదంతా ఎందుకు, ఎర్రనీళ్లతో దిష్టి తియ్యి" అని తేల్చేశారు.

నవ్వుకున్నాను కానీ మనసులో ఒక ప్రశ్న ఉండిపోయింది. ఇన్ని చిట్కాల్లో ఏది జోకు, ఏది నిజం? ఉన్నది ఒకటే డిస్కు. దాని మీద ప్రయోగాలు చేసే ధైర్యం నాకు లేదు. అందుకే కోఠి.

కోఠి అంటే మేడ

మెట్రో గ్రీన్ లైన్‌లో సుల్తాన్ బజార్ స్టేషన్లో దిగితే కోఠిలో దిగినట్టే. అసలు 'కోఠీ' అంటే పెద్ద మేడ. ఆ మేడ ఇప్పటికీ ఉంది. 19వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ రెసిడెంట్‌గా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ హయాంలో కట్టిన రెసిడెన్సీ భవనం అది. తర్వాత కోఠి విమెన్స్ కాలేజీ అయింది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. ఎత్తైన స్తంభాల ఆ మేడకు ఎన్నేళ్లకో మరమ్మతులు జరిగాయి. దాని గోడ బయట పాత పుస్తకాలు, ఇటు బడీచౌడీలో కూరగాయలు, అటు ట్రూప్ బజార్లో కుళాయిలు, ఎలక్ట్రికల్ సామాన్లు. కొత్తది కొనేవాళ్లూ, పాతది బాగు చేయించుకునేవాళ్లూ ఒకే ఫుట్‌పాత్ మీద భుజాలు రాసుకుంటూ నడిచే చోటు కోఠి.

గుజరాతీ గల్లీలో మొదటి షాపులో డిస్కు బయటికి తీయగానే కుర్రాడు దాన్ని చూసి, నన్ను చూసి, "సీడీయా? అవ్వెక్కడియి మేడం ఇంకా?" అన్నాడు. రెండో షాపాయన బ్లూటూత్ స్పీకర్ చూపించి, "సీడీ వద్దు, ఇది తీస్కోండి, పెన్ డ్రైవ్ కూడ వడ్తది" అన్నాడు. పెన్ డ్రైవ్‌లోకి అమ్మమ్మ ఎలా ఎక్కుతుందో మాత్రం చెప్పలేదు. మూడో షాపులో పెద్దాయన డిస్కుని నా అరచేయి పక్కన పెట్టి చూసి, "గీత మంచిగ లేదమ్మా" అని జాతకం చెప్పేశాడు. నాలుగో షాపులో మాత్రం దారి దొరికింది. "పైకి వోండ్రి. ఫస్ట్ ఫ్లోర్ల ఒక చాచా ఉంటడు. ఆయనకాడ ఇంకా సీడీ ప్లేయర్ ఉన్నది."

చాచా పరీక్ష

ఇరుకు మెట్లు ఎక్కితే ఒక చిన్న గది. గోడల నిండా విప్పిన టేప్ రికార్డర్లు, యాంప్లిఫయర్లు. టేబుల్ మీద సోల్డరింగ్ ఐరన్, దాని పక్కన చాయ్ గ్లాసు. చాచాకి అరవై దాటి ఉంటాయి. "కూసో బేటా" అని డిస్కు అందుకున్నాడు. తీసుకోవడంలోనే తేడా తెలిసింది. మధ్య చిల్లులో వేలు పెట్టి, అంచుని బొటనవేలితో పట్టుకున్నాడు. వేలిముద్ర ఎక్కడా పడనివ్వలేదు.

మెరిసే వైపు చూడలేదు. దాన్ని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా ఎత్తి, ఒక కన్ను మూసి, గుడ్డుని వెలుగులో పెట్టి చూసినట్టు చూశాడు. "కింది గీతకు మందున్నది. పై గీతకు లేదు" అన్నాడు.

ఈ ఒక్క మాటలో మొత్తం సైన్స్ ఉంది. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో దాదాపు అంతా పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్. పాట, బొమ్మ ఉండేవి మెరిసే కింది వైపున అనుకుంటాం. కాదు. అవి ఉండేది పైన, పేరు రాసుకునే లేబుల్ వైపు. దాని కింద పల్చటి వార్నిష్ పొర, ఆ కింద అద్దంలా పనిచేసే లోహపు పొర, దానికి ఆనుకునే సమాచారం. లేజర్ కింది నుంచి 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్‌ని దాటి పైకెళ్లి, అక్కడ చదివి, తిరిగి కిందికి వస్తుంది. అంటే మనం కింద చూసే గీత కిటికీ అద్దం మీద పడ్డ గీత. కిటికీ అవతల ఉన్న మనిషి క్షేమంగానే ఉంటాడు. అద్దాన్ని సాఫు చేస్తే మళ్లీ కనిపిస్తాడు. లేబుల్ వైపు గీత పడితే మాత్రం గాయం మనిషికే.

ఇంకో సంగతి. లేజర్ డిస్కు అడుగున తాకేచోట దాని వెలుగు చుక్క దాదాపు 0.8 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ సన్నబడి సమాచారం దగ్గర సూదిమొన అవుతుంది. అందుకే అడుగున ఉన్న దుమ్ము, చిన్న గీతలు దానికి మసకగా మాత్రమే కనిపిస్తాయి. కళ్లజోడు మీద చిన్న మరక ఉన్నా పేపరు చదివేస్తాం కదా, అలా.

దాన్నీ దాటి తప్పులు వస్తే? దానికీ మందు డిస్కు పుట్టుకలోనే ఉంది. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాల్మన్ అనే ఇద్దరు గణితజ్ఞులు ఒక పద్ధతి ప్రచురించారు. సమాచారంతో పాటు కొన్ని అదనపు అంకెలు కలిపితే, కొంత పోయినా మిగతాదాన్ని బట్టి పోయింది ఏమిటో లెక్కకట్టవచ్చు. 1982లో ఫిలిప్స్, సోనీ కంపెనీలు సీడీని మార్కెట్లోకి తెచ్చినప్పుడు ఆ లెక్కనే వాడాయి. పైగా పక్కపక్కనుండే సమాచారాన్ని చెల్లాచెదురుగా రాశాయి. ఒకచోట దెబ్బ తగిలితే నష్టం పది చోట్లకి పంచినట్టవుతుంది, ఎక్కడా ప్రాణం మీదికి రాదు. ఆ లెక్క ప్రకారం దారి పొడవునా దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల మేర సమాచారం తుడిచిపెట్టుకుపోయినా పాట ఆగదు. ఇప్పుడు మనం కూరగాయల బండి దగ్గర స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ కాస్త చిరిగినా పనిచేసేది కూడా ఈ లెక్కతోనే.

చాచాకి రీడ్, సాల్మన్ పేర్లు తెలియవు. కానీ ఆయన వేలు అదే చెప్పింది. డిస్కు మధ్య నుంచి అంచుకి గీసిన గీతని చూపించి "ఇది ఏం గాదు" అన్నాడు. గుండ్రంగా తిరిగిన గీతని చూపించి "ఇది బద్మాష్" అన్నాడు. సమాచారం లోపలి నుంచి బయటికి గుండ్రంగా చుట్టుకుంటూ, సుమారు 5 కిలోమీటర్ల పొడవున పోతుంది. అడ్డంగా పడ్డ గీత ఆ దారిని ఒక్కో చుట్టులో ఒక్క క్షణమే దాటుతుంది. గుండ్రటి గీత దారి వెంటే పోతుంది. రోడ్డుకి అడ్డంగా ఉన్న గుంటని ఎగిరి దాటొచ్చు, రోడ్డు పొడవునా గుంట ఉంటే ఏం చేస్తాం? డిస్కుని ఎప్పుడూ మధ్య నుంచి అంచుకి తుడవాలనేది అందుకే. మా మావయ్య చెప్పిన షాపువాడి చొక్కా గుండ్రంగా తిరిగేది. ఎన్ని సినిమాలకి ప్రాణం తీసిందో!

అరటిపండు ప్రయోగం

నా దగ్గరున్న చిట్కాల జాబితా చెప్పగానే చాచా పడీపడీ నవ్వాడు. తర్వాత టేబుల్ కింద నుంచి ఒక అట్టపెట్టె లాగాడు. దాన్నిండా పనికిరాని డిస్కులు. "నీది ఎందుకు పాడు చేస్కుంటవ్? ఇండ్ల చెయ్యి" అన్నాడు. అంతే, నేను కిందికి దిగి బండి మీద అరడజను అరటిపళ్లు కొనుక్కొచ్చాను. పక్క షాపు కుర్రాళ్లు ఇద్దరు తమాషా చూడటానికి వచ్చారు.

పాత భక్తిపాటల డిస్కు ఒకటి ప్లేయర్లో పెట్టాడు. మూడో పాట దగ్గర ముక్కలు ముక్కలుగా ఎగిరింది. దానికి గుజ్జు రాసి, తొక్క లోపలి వైపుతో రుద్ది, మెత్తటి గుడ్డతో శుభ్రంగా తుడిచాం. మళ్లీ పెడితే మూడో పాట హాయిగా నడిచింది! కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. చాచా చేయి అడ్డం పెట్టాడు. అలాంటిదే ఇంకో డిస్కు తీసి, అది ఎగిరే చోటు మాకు వినిపించి, ఉత్త తడిగుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచి పెట్టాడు. అదీ నడిచింది. "అరటిపండు కాదు బేటా. నువ్వు తుడిచినవ్ జూడు, అది పన్జేసింది."

మిగిలిన పళ్లు నలుగురం తినేశాం. గుజరాతీ గల్లీలో ఆ రోజు అరటిపండు చేసిన మేలు అదే.

అయితే ఆ చిట్కా పూర్తిగా ఉత్తుత్తిదీ కాదు. మైనం లాంటి పదార్థం గీత లోపల నిండితే, వెలుగు అటూ ఇటూ చెదరకుండా కాస్త తిన్నగా వెళుతుంది. కొబ్బరినూనెలోనూ ఉన్న ఆశ ఇదే. కానీ అది తాత్కాలికం. పైగా జిడ్డు మిగిలితే దుమ్ము అంటుకుని, ప్లేయర్ లోపలికి కూడా చేరుతుంది.

పేస్టు సంగతి వేరు. పళ్లని మెరిపించడానికి అందులో సున్నపురాయి జాతి పొడో, సిలికానో ఉంటుంది. అది చాలా మెత్తటి ఉప్పుకాగితం లాంటిది. గీత అంచుల్ని అరగదీసి నున్నగా చేస్తుంది. అందుకే పారదర్శకంగా మెరిసే జెల్ కన్నా మామూలు తెల్ల పేస్టు మేలంటారు. మూడో డిస్కు మీద పది నిమిషాలు రుద్దితే, ఆరుచోట్ల ఎగిరేది రెండుచోట్లకి తగ్గింది. అంటే అమ్మ చెప్పింది జోకు కాదు. ఉప్పుదైనా వేపదైనా తేడా మాత్రం లేదు.

ఫ్రీజర్‌తో గీత పోయే అవకాశమే లేదు. బయటికి తీయగానే చెమ్మ పట్టడం తప్ప ఒరిగేదేం లేదు. మైక్రోవేవ్ అయితే దహన సంస్కారమే. లోపలి లోహపు పొర మీద నిప్పురవ్వలు మెరుపుల్లా పాకి, క్షణాల్లో డిస్కంతా పగుళ్లు బారుతుంది. చూడటానికి అందంగా ఉంటుందని విదేశాల్లో సరదాకి చేసేవాళ్లు ఉన్నారు. అటు డిస్కూ పోతుంది, ఇటు ఓవెనూ పాడవుతుంది.

అన్నిటికన్నా విచిత్రమైన చిట్కా స్కెచ్ పెన్నుది. డిస్కు అంచుకి ఆకుపచ్చ రంగు పూస్తే సంగీతం ఇంకా బాగా వినిపిస్తుందని 1990 ప్రాంతంలో పాశ్చాత్య సంగీత ప్రియులు నమ్మి, పెన్నులు కొనుక్కున్నారు. అది ఉత్త భ్రమ. కానీ 2002లో కథ తిరగబడింది. కంప్యూటర్లో కాపీ చేయకుండా సోనీ తాళం వేసిన కొన్ని మ్యూజిక్ డిస్కులకు, బయటి అంచున తాళం ఉన్న చోట స్కెచ్ పెన్నుతో గీస్తే తాళం ఊడిపోయిందట! చిట్కాలన్నీ జోకులని కొట్టిపారేయలేనిది ఇందుకే.

తలంబ్రాల దగ్గర చిల్లు

ఇక మా డిస్కు. చాచా దాన్ని మళ్లీ వెలుగులో పెట్టి నన్ను చూడమన్నాడు. లేబుల్ మీద ఎవరో బాల్‌పెన్నుతో ఒత్తి ఒత్తి 'పెళ్లి-2' అని రాశారు. ఆ అక్షరాల వెంట, ఒత్తు బాగా పడిన చోట సూదిమొనంత వెలుగు చుక్కలు. అక్కడ లోహపు పొరే లేదు. ఈ ఇంట్లో రాసుకునే రకం డిస్కుల్లో సమాచారం ఒక రంగు పొరలో ఉంటుంది. ఎండకి, వేడికి అది కూడా క్షీణిస్తుంది. చీరల మడతల చీకట్లో ఉండబట్టి ఇది ఈమాత్రం మిగిలింది.

డిస్కు లోపలి నుంచి బయటికి చదువుతుంది కాబట్టి, చిల్లు ఎక్కడుందో చూసి ఏ సమయం పోయిందో అంచనా వేయొచ్చు. చాచా వేలితో కొలిచి అడిగాడు, "సగం దాటినంక మీ పెండ్లిల ఏమైతది?"

"తాళి కట్టాక... తలంబ్రాలు."

"అయితే తలంబ్రాలు పోయినయ్. మిగతాది సూద్దాం."

చిన్న మోటారుకి మెత్తటి ప్యాడ్ బిగించి, ఏదో పాలిష్ క్రీము రాసి, ఇరవై నిమిషాలు ఓపిగ్గా అరగదీశాడు. ఎక్కువ అరిగితే లేజర్‌కి చూపు చెదురుతుందని మధ్యమధ్యలో ఆపి చూసుకున్నాడు. వంద రూపాయలు తీసుకున్నాడు. ప్లేయర్లో పెట్టి చూడబోతే వద్దన్నాడు. "ఇండ్ల ఆడించకు. ముందు కాపీ తీస్కో. సీటీసీ పో, డ్రైవ్ దొర్కుతది."

సికింద్రాబాద్‌లో చివరి డ్రైవ్

సీటీసీ అంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. కోఠి సౌండ్ వార్డు అయితే అది కంప్యూటర్ల వార్డు. సుల్తాన్ బజార్లో మళ్లీ మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో దిగాలి. దారిలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వస్తుంది. సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్ల మీదుగా రైలు వెళుతుంటే వీసీడీ రోజులు గుర్తొచ్చాయి. 1993లో వచ్చిన వీసీడీలో గంటంపావు బొమ్మే పట్టేది. రెండున్నర గంటల మన సినిమా రెండు డిస్కులయ్యేది, ఇంకాస్త పెద్దదైతే మూడు. ఇంటర్వెల్ ఎక్కడుండాలో డైరెక్టరు కాదు, డిస్కు నిర్ణయించేది. రెండో డిస్కు గీతలు పడి ఆగిపోతే విలన్ చచ్చాడో లేదో పక్కింటివాళ్లని అడిగి తెలుసుకున్న పిల్లలం మనం.

సీటీసీలో అంతస్తులన్నీ ల్యాప్‌టాప్ స్క్రీన్లు, బ్యాటరీలు, కీబోర్డులు. డీవీడీ డ్రైవ్ అడిగితే ఒకతను అల్మారా పైనుంచి దుమ్ము దులిపి దించాడు. "గవర్నమెంట్ ఆఫీసులోళ్లు, ఆసుపత్రి స్కానింగ్ సీడీలు చూసెటోళ్లు తప్ప ఎవరూ కొంటలేరు మేడం" అన్నాడు. యూఎస్‌బీతో పెట్టుకునేది ఒకటి కొనుక్కున్నాను.

ఆ రాత్రి మామూలుగా కాపీ చేయబోతే డ్రైవ్ కీచుమని అరిచి ఊరుకుంది. అప్పుడు తక్కువ వేగంతో, చదవగలిగినంత ముందు చదివి, మొండికేసిన చోట్లకి మళ్లీ మళ్లీ తిరిగొచ్చే సాఫ్ట్‌వేర్ పెట్టాను. ఉద్యోగంలో నేను చూసే పాడైన ఫైళ్లకి వెనకాల ఇంకో కాపీ ఎక్కడో ఉంటుంది. దీనికి లేదు. తెల్లవారుజామున మూడున్నరకి శాతాల లెక్క కదలడం మానేసింది. డిస్కులో చాలా భాగం వచ్చింది. చాచా అన్నచోటే పోయింది.

వీసీడీలో ఇంకో కిటుకు ఉంది. ఎక్కువ బొమ్మ పట్టడం కోసం అందులో తప్పులు దిద్దే అంకెల్ని మామూలు డేటా డిస్కులో కన్నా తగ్గించారు. అందుకే అది పాడైతే ఒక్కసారిగా చావదు, చదరాలు చదరాలుగా విరిగిపోతూ నడుస్తుంది. తలంబ్రాల చోట రంగు గళ్లు తప్ప మనుషులే లేరు. అవి దాటాక, వంటశాల వైపు నుంచి వస్తూ, కొంగు బొడ్లో దోపుకుని, అమ్మమ్మ.

పదకొండు సెకన్లు. కెమెరా వైపు చూసి, చేయి ఊపుతూ ఏదో అంది. మాట వినిపించలేదు. అది గీత వల్ల కాదు. పెళ్లి క్యాసెట్ చేసిన స్టూడియోవాళ్లు ఆ రోజుల్లో అందరిలాగే అసలు శబ్దం తీసేసి, సినిమా పాట వేసేశారు. అరటిపండుకి, పేస్టుకి, పాలిష్ మోటారుకి, రీడ్-సాల్మన్ లెక్కకి అందని చోటు అది. గీత పడ్డది తిరిగొస్తుందేమో కానీ, అసలు రాయనిది ఎక్కడి నుంచి వస్తుంది?

తర్వాతి వారం తెనాలి వెళ్లి, పెన్ డ్రైవ్ టీవీకి పెట్టాను. పాట మోగుతుండగా అమ్మమ్మ పెదాలు కదిలాయి. నేను ఏదో సర్దిచెప్పబోయేలోపే అమ్మ అంది: "'నన్ను కాదయ్యా, పెళ్లికూతుర్ని తియ్యి' అంటంది. నేను పక్కనే ఉన్నా." మళ్లీ పెట్టమంది. నాలుగోసారికి టీవీ సౌండ్ తగ్గించమంది. ఆ రాత్రి ఆ మాటని అమ్మ గొంతులోనే నా ఫోన్లో రికార్డు చేసి, వీడియో పక్కన పెట్టాను.

మీ బీరువాలో కూడా

గీతల డిస్కులు మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి. వాటి కోసం కోఠి చెప్పిన మందుల చీటీ ఇది. ముందు లైటుకి ఎదురుగా పెట్టి చూడండి. లేబుల్ వైపు వెలుగు చుక్కలు లేకపోతే సగం భయం పోయినట్టే. మెత్తటి తడిగుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవండి. చాలా డిస్కులు అక్కడే లేచి కూర్చుంటాయి. లేవకపోతే తెల్ల పేస్టు, అదీ విలువలేని డిస్కు మీద చేయి తిరిగాకే. లేబుల్ మీద బాల్‌పెన్నుతో రాయకండి, స్టిక్కరు పీకకండి. డీవీడీ అయితే సమాచారం రెండు ప్లాస్టిక్ పొరల మధ్యలో ఉంటుంది, పై గీతని కాస్త తట్టుకుంటుంది. దేనికైనా, ఒక్కసారి చదవగలిగితే వెంటనే రెండుచోట్ల కాపీ పెట్టుకోండి. అరటిపండు తినండి.

కోఠి వెళితే శనివారం పొద్దున్నే వెళ్లండి, ఆదివారం చాలా షట్టర్లు మూసి ఉంటాయి. చాచా గది పక్కన రెండు గదులు ఇప్పటికే సీసీ కెమెరాల గోడౌన్లయ్యాయి. నేను వచ్చేస్తుంటే ఆ అట్టపెట్టెలోని డిస్కులు నాలుగు ఇచ్చి, "బాల్కనీల కట్టు, పావురాలు రావు" అన్నాడు. కట్టాను. పావురాలు వస్తూనే ఉన్నాయి. చాచా చిట్కాల్లో పనిచేయనిది ఇదొక్కటే.